ఆయన బ్యాండు, నా చెయ్యి

మా వీధిలో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా తమ ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చిన ఏడాది అది. పుట్టించింది విశాఖ నుంచి వచ్చిన ఒక పరిశోధన బృందం. షుగరు, బీపీ, పొట్ట, కొవ్వు, ఇవన్నీ కలిసి మనిషిని ఎప్పుడు పడగొడతాయో ముందుగానే పసిగట్టాలని, అందుకు చేతికి కట్టుకునే బ్యాండు పనికొస్తుందో లేదో చూడాలని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే, దాని మీద నాకు కోపం లేదు. దాన్ని మోసుకొచ్చినవాళ్ళ మీదా, కట్టుకు తిరిగినవాళ్ళ మీదా ఉంది.

నర్సీపట్నంలో మా ఇల్లు తుని రోడ్డు వైపు. వీధి చివర కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి క్యాంపు పెట్టారు. ఆదివారం ఏడింటికి ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఏం చేస్తూ ఉంటారో అంత చదువుకున్న బృందంలో ఒక్కరికీ తట్టలేదు. మగవాళ్ళు మాత్రం తలంట్లు పోసుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, పరగడుపున బయల్దేరారు. మేం ఆడవాళ్ళం అయిదారుగురం టిఫిన్ల పని తెముల్చుకుని వెళ్ళేసరికి తొమ్మిదయింది.

నాకు ఆ క్యాంపుతో నిజంగానే అవసరం ఉంది. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఒంట్లో ఏదో తేడాగా ఉండేది. ఎన్ని నీళ్ళు తాగినా నోరు పిడచకట్టుకుపోయేది. రాత్రి నాలుగైదుసార్లు బాత్రూముకి లేచేదాన్ని. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. రెండో పిరియడుకే కాళ్ళు లాగేసి, బల్లకి ఆనుకుని పాఠం చెప్పేదాన్ని. మడమ మీద పగులు ఒకటి నెల దాటినా మానలేదు. ఇంట్లో చెప్తే మా ఆయన "వయసే అది, అందరికీ ఉంటాది" అన్నారు. నాకప్పుడు యాభై ఒకటి. ఆయనకి యాభై ఆరు. వయసు మాత్రం నాకొక్కదానికే వచ్చింది. సరే, ఈ వంకనైనా ఒకసారి రక్తం చూపించుకుందామని వెళ్ళాను.

హాల్లో ముప్ఫయ్యేళ్ళ మనిషొకడు టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్నిటికన్నా ముందు నడుము చుట్టుకొలత చూడాలట. చీర కాస్త కిందకి జరిపి, బొడ్డు మీదుగా, ఒంటికి ఆనేలా చూడాలట. ఎదురుగా కుర్చీల్లో వీధిలోని మగవాళ్ళంతా కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. అడ్డంగా ఒక దుప్పటైనా కట్టలేదు.

"ఆడమనిసి ఎవులూ నేరా బాబూ?" అని అడిగింది మా పక్కింటి పిన్నిగారు.

"ఉన్నారండీ. మేడం ఇవాళ లీవు. ఏం పర్లేదు, ఒక్క నిమిషం పని."

"నీకు ఒక్క నిమసమే. మాకు ఈ ఈదిలో ఇంకా సానా ఏళ్ళు బతకాలి" అని ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆవిడ వెనకే మేమంతా. నేనూ. ఎమ్మే చదివాను, పిల్లలకి ధైర్యం గురించి వ్యాసాలు రాయిస్తాను, ఆ టేపు ముందు మాత్రం నిలబడలేకపోయాను. తర్వాతి ఆదివారం మేడం వచ్చాక వెళ్తే, నంబరు నిండిపోయిందన్నారు. ఎంతమంది కావాలో అంతమందీ దొరికారట. అలా మా వీధి నుంచి ఆ పరిశోధనలో చేరినవాళ్ళందరూ మగవాళ్ళే అయ్యారు.

మా ఆయన గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అత్తగారికి షుగరుండేది, ఈయన పొట్ట ఈయనకన్నా ముందు గుమ్మం దాటుతుంది. పరీక్షలో షుగరు ఇంకా రాలేదు గాని గట్టు మీద ఉందన్నారు. 'మెటబాలిక్ రిస్కు ఎక్కువ' అని రాసిచ్చిన కాగితాన్ని ఆయన ప్రమోషన్ ఆర్డరు చూపించినట్టు నలుగురికీ చూపించారు. చేతికి నల్ల బ్యాండు ఒకటి కట్టారు. అది అడుగులు లెక్కపెడుతుంది, గుండె కొట్టుకోవడం చూస్తుంది, నిద్ర ఎంతసేపు పోయారో చూస్తుంది, చూసిందల్లా ఫోనులోకి ఎక్కిస్తుంది. స్నానానికి తప్ప తియ్యకూడదు. మూడు నెలలు.

బృందంవాళ్ళు అక్కడితో ఆగినా బాగుండేది. ఉత్సాహం కోసమని వాట్సాప్ గ్రూపు పెట్టి, ప్రతి సోమవారం ఎవరెన్ని అడుగులు వేశారో వరసగా పేర్లు పెట్టడం మొదలెట్టారు. ఇక చూడాలి మా వీధి. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన స్కూటరు మీద పోతూ ఎడంచెయ్యి గాల్లో ఆడించుకుంటూ పోయేవారు. ఇంకొకాయన పైన ఫ్యాను గిర్రున తిరుగుతుంటే కింద కూర్చుని విసనకర్రతో విసురుకునేవారు. ఎదురింటి రిటైర్డు హెడ్‌మాస్టారు ప్రతి వారం మొదటి స్థానం. మా ఆయన కిందనుంచి రెండు. అందరికన్నా కింద ఉన్నాయనకి కాలు విరిగి కట్టు కట్టారు.

రెండో వారమో మూడో వారమో, స్నానానికి వెళ్తూ బ్యాండు తీసి నా చేతికి ఇచ్చారు.

"ఊరికే పడుండడం ఎందుకే, నువ్వు వంటింట్లో తిరుగుతావు కదా, కాసేపు పెట్టుకో."

పెట్టుకున్నాను. ఆయన స్నానం చేసి, పూజ చేసి, టిఫిను తిని, బ్యాండు సంగతి మర్చిపోయి ఆఫీసుకి వెళ్ళిపోయారు. నేనూ మర్చిపోయి స్కూలుకి వెళ్ళిపోయాను. సాయంత్రం ఫోను చూసుకుని కేక పెట్టారు.

"ఇదేటే, పన్నెండు వేలు చూపిస్తంది! పాడైపోనాదేటి?"

"పాడవలేదు. నేను తిరిగాను."

"ఎక్కడికెళ్ళావు?"

ఎక్కడికీ వెళ్ళలేదు. మోటారు వేసి నీళ్ళు పట్టాను, బట్టలు మేడ మీద ఆరేశాను, స్కూల్లో మూడు అంతస్తులు ఎక్కి దిగాను, వస్తూ వస్తూ కూరలు తెచ్చాను, మళ్ళీ మేడెక్కి బట్టలు తెచ్చాను. ఇదంతా చెప్పాను. ఆయన విన్నారు గాని, పెళ్ళాం ఇంత తిరుగుతోందే అని ఆశ్చర్యపోలేదు. ఈ లెక్కన సోమవారానికి తన పేరు ఎక్కడికి ఎగబాకుతుందా అని వేళ్ళు మడిచి చూసుకున్నారు.

మర్నాటి నుంచీ బ్యాండు నాదే అయింది. పగలు అడుగుల కోసం, రాత్రి ఆయన చేతికి దురద పెడుతోందట, అందుకని. కరెంటు మీటరు ఆయన పేర, గ్యాసు ఆయన పేర, నా నడక కూడా ఆయన పేర రాసుకుంటే కొత్తగా పోయేదేముందని ఊరుకున్నాను. అసలు నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉండేది. పెళ్ళయి ఇన్నేళ్ళకి నేను చేసే చాకిరీని లెక్కపెట్టేది ఒక్కటంటే ఒక్కటి దొరికింది, అదీ రబ్బరు ముక్క. పిల్లలు పరీక్ష రాస్తుంటే వరండాలో అటూ ఇటూ రెండు తిరుగుళ్ళు ఎక్కువే తిరిగేదాన్ని. సిగ్గులేకపోతే సరి.

నెల తిరిగేసరికి మా ఆయన రెండో స్థానం. వీధి అరుగు మీద కూర్చుని "మనసుండాలండీ, మనసుంటే నడక అదే ఒస్తాది" అని ఉపన్యాసం. కూర్చునే చెప్పేవారు, అదీ నా ఒళ్ళు మండించింది. ఆ హెడ్‌మాస్టారు మాత్రం ఎంతకీ కిందకి దిగేవారు కాదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రోజుకి పదిహేను వేల అడుగులు ఎలా వేస్తున్నాడో నాకు అంతుపట్టలేదు. ఒకరోజు కూరగాయల బండి దగ్గర ఆయన కోడలు బెండకాయలు ఏరుతోంది. గాజుల వెనక నల్ల బ్యాండు. నన్ను చూసి గబుక్కున పైట చెంగు మణికట్టు మీదకి లాక్కుంది. అప్పటికే ఆ పిల్ల కళ్ళు నా మణికట్టు మీద పడ్డాయి. ఇద్దరం బెండకాయలు కొనుక్కుని ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం. ఆ తర్వాత చూస్తే మరో మూడు ఇళ్ళలోనూ అంతే. మగవాళ్ళ రోగాల మీద జరుగుతున్న ఆ పరిశోధన కోసం నడిచిందీ, మెట్లెక్కిందీ మేం. అవతల కంప్యూటర్ల ముందు కూర్చున్న పండితులు నర్సీపట్నం మగాళ్ళ శ్రమ చూసి మురిసిపోతూ ఉంటారు కాబోలనుకున్నాను.

మా ఆయనకి మాత్రం నేను తిండి తగ్గించాను. పొద్దున్న చోడి అంబలి, అదే రాగి జావ, రాత్రికి ఒక్క గరిటె అన్నం, బెల్లం టీ బంద్. రోజూ సణిగేవారు. అయినా కంచంలో ఏం పడాలో నా చేతిలో పని కాబట్టి సాగింది. నా మటుకు నేను మిగిలిన అన్నం పారబోయలేక తినేసేదాన్ని.

మూడు నెలలు అయ్యాయి. అదే హాల్లో మీటింగు పెట్టారు. ఈసారి ఆడవాళ్ళని కూడా పిలిచారు, చప్పట్లు కొట్టడానికి. మా ఆయనకి రెండో బహుమతిగా ఒక సర్టిఫికెట్టు, ఒక నీళ్ళ సీసా ఇచ్చారు. అందరికీ మళ్ళీ రక్తం తీసి చూశారు. ఆయన షుగరు గట్టు మీద నుంచి దిగి మామూలుకొచ్చింది. నడక మహిమ అన్నారు. అంబలి మహిమ అని నాకు తెలుసు.

అప్పుడు బృందం పెద్ద డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచాడు. నేనూ వెళ్ళాను. డాక్టరు ల్యాప్‌టాపులో ఏదో గీతలు చూపించాడు.

"సార్, మీ నడక అద్భుతం. కానీ నిద్ర చాలా ఘోరంగా ఉంది. రాత్రికి నాలుగైదుసార్లు లేస్తున్నారు. కదలకుండా పడుకున్నప్పుడు కూడా గుండె వేగం ఎక్కువగా ఉంది, వారం వారం పెరుగుతూ వచ్చింది. ఇలాంటి మనిషికి షుగరు ఉండాలి. మీకు దాహం ఎక్కువా? యూరిన్‌కి ఎక్కువసార్లు వెళ్తారా?"

ఆ గీతలు నావి. మా ఆయన నా వైపు చూశారు. చూసి, చూపు తిప్పేసుకున్నారు.

"లేదండీ. నేను పడుకున్నానంటే తెల్లారే లేవడం."

డాక్టరు రక్తం రిపోర్టు మళ్ళీ చూశాడు. బాగానే ఉంది. బుర్ర గోక్కున్నాడు.

"అయితే సెన్సార్ తప్పయి ఉంటుంది. కొన్ని బ్యాండ్లు రాత్రిపూట ఇలాగే తప్పు చూపిస్తాయి. అడుగులు సరిగ్గానే ఉన్నాయి కాబట్టి అవి ఉంచుతాం, రాత్రి డేటా తీసేస్తాం."

అలా నా అడుగులు ఉంచుకుని నా రాత్రుళ్ళు కొట్టేశారు. పక్కనే నిలబడి ఉన్నాను. "ఆ చెయ్యి నాదండీ" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. అందామంటే మా ఆయన చేతిలో సర్టిఫికెట్టు, వెనక వీధి వీధంతా, ముందు వరసలో కోడలి పక్కన కూర్చున్న హెడ్‌మాస్టారు. మొగుడి పరువు నలుగురిలో తీయకూడదన్న బుద్ధి నాకు ఉగ్గుపాలతో వచ్చింది, ఎమ్మే దాన్ని వదిలించలేదు. ఆయన్ని తిట్టుకున్నాను, ఆ డాక్టర్ని తిట్టుకున్నాను, అందరికన్నా ఎక్కువగా నన్ను తిట్టుకున్నాను. రోగం కళ్ళెదుట గీత గీసి చూపిస్తే నోరు మూసుకు నిలబడినదాన్ని నేను.

ఇంటికొచ్చాక ఆయన ఆ మాటే ఎత్తలేదు. సర్టిఫికెట్టు ఎక్కడ తగిలించాలా అని గోడలు చూశారు.

మర్నాడు స్కూలుకి అరపూట సెలవు పెట్టి, పరగడుపున, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ల్యాబుకి ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ రక్తం తీసింది ఆడపిల్లే. నడుము కొలవలేదు. మధ్యాహ్నానికి రిపోర్టు చేతిలో పెట్టి, "అమ్మా, బేగి డాక్టరుగారి దగ్గరికి ఎళ్ళండి, ఆలిస్సెం సెయ్యకండి" అంది. అంకె చూస్తే నేను అనుకున్నదానికి రెండింతలుంది. మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష కూడా అదే మాట చెప్పింది. ఆ మూడు నెలల్లో మొదటి రెండు మూడు వారాలు తప్ప బ్యాండు నా చేతికే ఉంది.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఆ కాగితం చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకున్నారు. ముందు అంకె చూశారు. మొహం పాలిపోయింది.

"ఇదేటే... నిన్న బాగుందన్నారు కదా నాకు?"

"మీకు కాదు. పైన పేరు చూడండి."

పేరు చూశారు. ఊపిరి వదిలారు, వెనక్కి ఆనుకున్నారు.

"అమ్మయ్య" అన్నారు. "నాదనుకున్నాను."

అన్న మరుక్షణమే నాలిక కరుచుకున్నారు. లేచి నిలబడ్డారు, కంగారు పడ్డారు, ఆ సాయంత్రమే ఆయనే నన్ను బండి మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇప్పుడు మందులు ఆయనే తెస్తారు, మాత్ర వేసుకున్నావా అని రోజూ ఆయనే అడుగుతారు, నా పాదాలు వంగి వంగి చూస్తారు. అవన్నీ నిజమే, కాదనను. కానీ నా పేరు చదివాక ఆయన నోటినుంచి ముందు వచ్చిన మాట అది.