ప్రభుదాస్ పడవ కట్టుకునే చోటు

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. పని బాగా తెలిసిన ఒక మనిషికి తన పని మీద తనకే అనుమానం వచ్చేటట్టు చేశాను. ఏళ్లు గడిచాయి. అతనికి ఆ అనుమానం పోలేదు, నాకు ఈ బరువు దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. రేపు బజారులో ఎదురుపడినా మీరు నన్ను గుర్తుపట్టరు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇందులో కూడా పిరికితనం ఉందంటే ఒప్పుకుంటాను.

మాది సిర్గాపూర్ దగ్గర, ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున ఉన్న ఊరు. నేను అక్కడ పంచాయతీలో కారోబార్‌గా చేసేవాణ్ణి. కారోబార్ అంటే సెక్రెటరీ కింద ఉండి, నల్లా నీళ్లు వదలడం నుంచి వీధి దీపాల దాకా అన్నీ చూసుకునే మనిషి. ఒక ఏడు వానలు బాగా పడి నీళ్లు నిండేసరికి పడవలు ఎక్కువయ్యాయి. చేపలు పట్టేవాళ్ల పడవలు కొన్ని, కూలీలను ఆవలి ఒడ్డున ఉన్న పొలాలకు దాటించే పడవలు కొన్ని. ఎవరికి తోచిన చోట వాళ్లు కట్టేవాళ్లు. బర్రెలు నీళ్లలోకి దిగాలన్నా, ఆడవాళ్లు బట్టలు ఉతుక్కోవాలన్నా దారి ఉండేది కాదు. రోజూ లొల్లి. ఎవరి పడవ ఎక్కడ కట్టాలో తేల్చి, ఆ ఒడ్డు సంగతి చూసుకోమని సర్పంచ్ ఆ పని నాకు అప్పజెప్పాడు.

నాకు ఆ పని ఎంత నచ్చిందో చెబితే నవ్వుతారు. పగ్గాలు పట్టుకుని కొలిచి, గూటాలు పాతించి, ఒక్కో గూటం పక్కన రాయి పెట్టి దానిమీద నంబరు వేయించాను. నా సొంత పైసలతో ఒక విజిల్ కొనుక్కున్నాను. ఎవరైనా పక్కవాడి గూటానికి పడవ కట్టబోతే ఊదేవాణ్ణి. ఊళ్లో నల్లా తిప్పేవాడిని ఎవరు లెక్కచేస్తారు? ఒడ్డున విజిల్ ఊదితే మాత్రం అందరూ తిరిగి చూసేవాళ్లు. ఒకరి పడవ మోకును ఇంకొకరు ముట్టొద్దు, అవసరమైతే పడవ గలాయనను పిలవాలి అనేది నేను పెట్టిన కానూను. పంచాయతీ మైకులో నేనే చదివి వినిపించాను.

ప్రభుదాస్‌ది కూలి చేసుకునే కుటుంబం. చర్చి పక్క వాడలో ఉండేవాళ్లు. మంజీర ఒడ్డున ఎక్కడో కొన్నేళ్లు పడవల మీద కూలికి పోయి ఆ పని నేర్చుకున్నాడు. పాత పడవ ఒకటి సంపాదించి, చెక్కలు మార్చి, తారు పూసి, కూలి ఆడవాళ్లను దాటించడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు సులువుగా ఎక్కాలని, అందరూ నీళ్లలోకి దిగే దారి, ఆ దిగుడు పక్కనే అతనికి చోటు ఇచ్చాను. అది అందరి కన్నూ ఉన్న చోటు. తాతల నాటి నుంచి చేపలు పట్టే మాకు పక్కకు ఇచ్చి, నిన్న వచ్చినోనికి దిగుడు కాడ ఇస్తావా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. అప్పట్లో నేను కూడా అతన్ని 'వాడు' అనే అనేవాణ్ణి. నాకంటే పెద్దవాడైనా నన్ను 'అన్నా' అని పిలిచేవాడు.

అతనికి ఒక అలవాటు ఉండేది. మోకు గూటానికి కట్టి, ముడి బిగించి, రెండు అడుగులు వెనక్కి వేసి ఒళ్లంతా బరువు పెట్టి గుంజేవాడు. "పడవను కట్టేస్తున్నవా, ఎద్దును కట్టేస్తున్నవా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు.

వినాయక నిమజ్జనం రోజు. ప్రభుదాస్ భార్య సుగుణమ్మ జ్వరంతో నారాయణఖేడ్ దవాఖానలో ఉంది. అతను పొద్దున కూలీలను దాటించి వచ్చి, పడవ కట్టి, ఆటో ఎక్కాడు. మళ్లీ ఏమనుకున్నాడో దిగి వచ్చి మోకును ఇంకోసారి గుంజి చూసుకుని వెళ్లాడు. నేను అక్కడే ఉన్నాను. ఎప్పటిలాగే నవ్వాను. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను దీన్నే కాదన్నాను.

అతను వెళ్లాక సర్పంచ్ ఫోన్ చేశాడు. ఈసారి విగ్రహం పెద్దది, ట్రాక్టర్ దిగుడు మీదుగా నీళ్లదాకా రావాలి, పక్కన పడవ ఉండకూడదు అని. ఆ సంగతి నాకు ముందురోజే తెలుసు. ప్రభుదాస్‌కు చెప్పాల్సింది నేను. మరిచిపోయాను. ఫోన్ చేసి చెప్పొచ్చు, కాని చేస్తే నేను మరిచిపోయానని తెలుస్తుంది. దవాఖానలో ఉన్న మనిషిని ఎందుకు పరేషాన్ చేయాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. మనం చేయకూడని పని చేసేటప్పుడు మన మనసులో ఎదుటివాడి మీద ఎంత దయ పుట్టుకొస్తుందో!

ఒడ్డున ఎవరూ లేరు. అందరూ ఊళ్లో ఊరేగింపు పనిలో ఉన్నారు. ప్రభుదాస్ ముడి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అంత గట్టిగా ఉంది. పడవను మోకుతో లాక్కుంటూ తుమ్మచెట్ల వైపు తీసుకుపోయి, అక్కడ ఖాళీగా ఉన్న గూటానికి రెండు చుట్లు చుట్టి ఏదో ముడి వేశాను. అది ముడి అనడానికి కూడా లేదు. తర్వాత వచ్చి సరిగ్గా కడదాం అనుకున్నాను. ఇంతలో డప్పులు వినబడ్డాయి, జనం వచ్చారు, ట్రాక్టర్ వచ్చింది, విజిల్ ఊదుతూ అటూ ఇటూ ఉరికాను. పొద్దుగూకే వేళకు గాలి లేచి వాన పట్టుకుంది. జనంతోపాటు నేనూ ఇంటికి ఉరికాను. పడవ నా మనసులోకే రాలేదు.

తెల్లవారి ప్రభుదాస్ పడవ తూము దగ్గరి బండలకు కొట్టుకుని ఉంది. ఒక పక్క చెక్కలు పగిలాయి. మోకు తెగలేదు. పడవ వెంట నీళ్లలో పొడుగ్గా తేలుతోంది. చూసినవాళ్లందరికీ ఒకటే అర్థమైంది. మోకు తెగలేదంటే ముడి ఊడింది, ముడి ఊడిందంటే కట్టినవాడు సరిగ్గా కట్టలేదు. అతని గూటం దిగుడు పక్కన ఖాళీగా ఉంది. నిమజ్జనం వేళకే పడవ ఊడిపోయి ఉంటుందని, అందుకే దిగుడు ఖాళీగా ఉందని సర్పంచ్ కూడా అనుకున్నాడు; నేను కాదనలేదు. నేను తుమ్మచెట్ల వైపు చూడనైనా లేదు.

ప్రభుదాస్ నీళ్లలో మోకాళ్లదాకా దిగి మోకు కొసను చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. చుట్టూ చాలామంది చేరారు. అతను నా వైపు తిరిగాడు.

"అన్నా, నిన్న నేను కట్టినప్పుడు నువ్వు గీడనే ఉంటివి కదా. గట్టిగనే కట్టిన కదా?"

"కట్టినవ్ గని, గట్టిగ కట్టినవో లేదో నేనేం సూడలే."

"గదేందే, మళ్ల ఆటో దిగొచ్చి గుంజి సూసిన కదా. నువ్వు నవ్వితివి కూడ."

అందరూ నా ముఖం చూస్తున్నారు. ఒక్క మాట. నేనే విప్పాను అంటే అయిపోయేది. సర్పంచ్ తిట్టేవాడు, నాలుగు రోజులు ఊళ్లో నవ్వేవాళ్లు. అంతే కదా. ఆ 'అంతే' ఆ రోజు నాకు కొండంత కనిపించింది.

"గది నిన్న కాదు ప్రభూ, మొన్న. నిన్న నువ్వు జల్దిల ఉంటివి. దవాఖానకు పోవాలె అనుకుంట ఉరికినవ్. మర్చినవేమో."

అతను మోకు కొసను చూస్తూ గుర్తు తెచ్చుకుంటున్నాడు. అతని ముఖంలో అది మెల్లగా మారడం నేను చూశాను. నిన్నటి రోజును తీసి పక్కన పెట్టి, నేను ఇచ్చిన రోజును దాని స్థానంలో పెట్టుకున్నాడు.

"ఔ... జల్దిల ఉంటి. మొన్ననే కావొచ్చు," అన్నాడు.

అబద్ధం చెప్పడం ఒక సంగతి. నేను చేసింది దానికంటే పెద్దది. నన్ను నమ్మాడు కాబట్టి తనను నమ్మడం మానేశాడు. నేను అడిగి ఉంటే ఆ పడవను నాకే ఇచ్చేవాడేమో, అంత నమ్మకం. ఎందుకు నమ్మాడు? నా చేతిలో విజిల్ ఉందనా? నేను చదువుకున్నవాణ్ణనా? లేక భార్య దవాఖానలో ఉంటే ఏ మనిషైనా ఏదో మరిచిపోయే ఉంటాడని తనకు తానే సర్దిచెప్పుకున్నాడా? ఇన్నేళ్లుగా ఇదే ఆలోచిస్తున్నాను, నాకు తేలలేదు. ఊరివాళ్లు ఎందుకు నమ్మారో మాత్రం తెలుసు. వాళ్లు అంతకు ముందే నమ్మి ఉన్నారు. నీళ్ల పని ఆ వాడవాళ్లకు రాదని అనడానికి ఒక సాక్ష్యం కావాలి, అది నేను ఇచ్చాను.

పడవను అతను బాగు చేసుకున్నాడు. కొత్త చెక్కలు వేసి, తారు పూసి, మళ్లీ దిగుడు పక్కన నిలబెట్టాడు. పొద్దున్నే కూలి ఆడవాళ్లు సద్దిమూటలతో వచ్చారు. వాళ్లను పేరుపేరునా పిలిచాడు. వాళ్లు తల వంచుకుని పక్క పడవ ఎక్కారు. "ముడి ఏసరానోని పడవల పానం ఎట్ల పెడ్తమవ్వా?" అని ఒకామె మెల్లగానే అంది, కాని నీళ్ల మీద మాట దూరం పోతుంది. అతని చర్చివాళ్లు కూడా ఎక్కలేదు. మరుసటి రోజూ అంతే. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు పొద్దున్నే వచ్చి, పడవలో నీళ్లు తోడి, కూర్చునే పలకలు తుడిచి నిలబడేవాడు. నేను పది గజాల దూరంలో విజిల్ మెడలో వేసుకుని నిలబడేవాణ్ణి. చెప్పడానికి నాకు దొరికిన పొద్దులు తక్కువేం కాదు.

చివరికి అతను భార్యాపిల్లలను తీసుకుని హైదరాబాద్ వెళ్లిపోయాడు. దిగుడు పక్క చోటు ఖాళీ అయింది. దాన్ని మా చిన్నాయన కొడుకుకు ఇచ్చాను.

మీరు ఆగి ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. అందుకే చేశావా అని. లేదు. పడవను విప్పినప్పుడు ఆ చోటు నా ఆలోచనలోనే లేదు. కాని ఒడ్డున అతను నన్ను అడిగినప్పుడు? అందరూ నన్ను చూస్తున్న ఆ క్షణంలో? మనసులో ఏదో మూల అది కదిలిందా? ప్రమాణం చేసి లేదనగలనా? అనలేను. నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఇక్కడికి వచ్చి ఆగిపోతాను.

తర్వాత కొన్నాళ్లకు నేను ఆ పని మానేశాను. ఇప్పుడు నారాయణఖేడ్‌లో చిన్న కిరాణం నడుపుకుంటున్నాను. మొన్న ఎండాకాలం డిపో దగ్గర ఆటోల అడ్డా మీద ప్రభుదాస్ కనబడ్డాడు. జుట్టు నెరిసింది. ఊరికి పోయే ఆటో పైన ఒక ఇనుప మంచం కడుతున్నాడు. కట్టడం అయ్యాక ఆటో అబ్బాయిని పిలిచాడు.

"తమ్మీ, జర నువ్వోపారి గుంజి సూడు. నా ముడి మీద నాకే నమ్మకం లేదు."

అప్పుడే నన్ను చూశాడు. ముఖమంతా నవ్వు. "అన్నా, మంచిగున్నవా?" అంటూ వచ్చి నా చేయి పట్టుకున్నాడు. ఆటో అబ్బాయితో, "గీ అన్నకు ఎర్కే. ఓపారి జల్దిల కట్టి పడవనే పోగొట్టుకున్న," అన్నాడు. ఆ అబ్బాయి నవ్వాడు. ప్రభుదాస్ నవ్వాడు. నేనూ నవ్వాను.

హైదరాబాద్‌లో కట్టడాల దగ్గర సెంట్రింగ్ పనిలో ఉన్నాడట. కర్రలు మోస్తాడట, అందిస్తాడట. కట్టే పని మాత్రం ముట్టడట. "పైన మనుషులు నిలవడ్తరు అన్నా, నాతోటి ఎందుకు?" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు, నాకు వినబడలేదు. ఆటో కదిలింది. ఆ మంచం ఎంత గట్టిగా కట్టి ఉందో రోడ్డు గుంతల్లో కూడా మెదల్లేదు.

ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. కడుపులో నొప్పి అని చెప్పాను. దానికీ ఒక అబద్ధం. అతని నంబరు తెలుసుకోవడం కష్టం కాదు. ఫోన్ చేసి ఏమని చెప్పాలి? ఇన్నేళ్లు నవ్వుతూ చెప్పుకున్న తప్పు తనది కాదని తెలిస్తే ఇక నవ్వగలడా? ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఇదిగో, మళ్లీ అదే దయ. దవాఖానలో ఉన్న మనిషిని పరేషాన్ చేయొద్దని అనుకున్న దయ. దీన్ని నేను గుర్తుపడుతున్నాను, అయినా నా చేయి ఫోన్ దగ్గరికి పోవడం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. మీతో చెప్పినందుకు గుండె మీది రాయి కొద్దిగా జరిగినట్టు ఉంది, అంతవరకే. ఒడ్డున అందరి ముందు అతను నన్ను అడిగాడు. అప్పుడు ఇవ్వాల్సిన జవాబు ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. ప్రభుదాస్ ఆ రోజు పడవను గట్టిగా కట్టాడు. ఆటో దిగి మళ్లీ వచ్చి గుంజి చూసుకున్నాడు. అది మొన్న కాదు, నిన్ననే. నేను చూశాను.