స్నానాల బండ మీద అలలు

ఈ సాయంత్రం కొండల సర్వేకొచ్చిన ఆఫీసరొకాయన జమ్మలమడుగులో మా ఇంటి ముందర జీపు ఆపి, కాళ్లు కడుక్కుంటానన్నాడు. పెరట్లోకి పోయినాయన స్నానాల బండ ముందర గొంతుకూర్చున్నాడు.

"మాస్టారూ, ఈ గీతలు ఉలితో చెక్కినవి కావండీ, అలలు! ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగు ఇసుకే ఇలా రాయైంది. ఆ తర్వాతే భూమి ముడుచుకుని నల్లమల లేచింది."

"అమ్మ కాలు జారకూడదని నా భార్య ఈ గరుకు బండనే ఏరి తెప్పించింది సార్," అన్నా.

"మా ఆఫీసుకిస్తారా? బదులు మంచి బండ వేయిస్తాను."

"ఆమెనడిగి రేపు చెప్తా."

జీపు పోయినంక అమ్మ లోపల్నుంచి అనింది: "కోడలు కన్నుమూసి నెలయ్యింది గద నాయనా. యాడికి పోయి అడుగుతావు?"

నాకు ఏడుపు గూడా రాలేదు. సముద్రం పోయిందంటే మాత్రం ఒక్క మాటకే నమ్మినా. రేపు ఆయనొస్తే ఏం చెప్పాల్నో మీకెవరికన్నా తెలిస్తే చెప్పండి.