బాబాయి నమ్మని కొత్త ట్యాంకు

మా బాబాయి పోయారని నరసరావుపేట నుంచి పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే ఏడవలేదు. వాళ్ళ పక్కింటావిడకు ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. "చావు కబురు ఒక్కళ్ళు చెప్తే నమ్మమాకు" అనేవారు ఆయనే. ఆవిడా అవునన్నాక ఏడ్చాను.

ఊళ్ళో పార్టీల గొడవల మధ్య పెరిగిన మనిషి. చుట్టాలింట్లో కూడా బిందెలోంచి ముంచడం కళ్ళారా చూస్తేనే మంచినీళ్ళు తాగేవారు. ప్రతి ఎన్నికలకూ పోలింగ్ ఏజెంటుగా కూర్చునేవారు. "ఓటెయ్యటానికొస్తే మా తమ్ముణ్ణే కార్డు చూపించమన్నాడు మీ బాబాయి" అని పిన్ని ఎప్పుడూ దెప్పేది.

అలాంటి మనిషికి సముద్రపు చేపల మీద మనసెలా పడిందో! హాల్లో ఉప్పునీళ్ళ ట్యాంకు, అందులో తెల్లచారలున్న నారింజరంగు చేపలు రెండు. ఫిల్టరు నీళ్ళలో ఉప్పు తనే కలిపి, మీటరు పెట్టి చూసి, ఆ మీటరు మీదా నమ్మకం లేక మళ్ళీ చూసేవారు. ఆయనకు ఎంత ఇష్టమో అంత అనుమానం. మేం ఊరికి బయల్దేరితే బస్సు టైర్లు కూడా వంగి చూసేవారు.

పాత ట్యాంకు మూల చెమ్మగిల్లుతోందని కొత్తది తెప్పించారు. చేపల్ని మాత్రం అందులోకి మార్చలేదు. దాన్ని వరండాలో నీళ్ళతో నింపి, కింద పాత పేపర్లు పరిచి, రోజూ పొద్దున్నే తడి తగులుతుందేమోనని తడిమి చూసేవారు. బ్యాలెట్ పెట్టె సీలు చూసినట్టు అద్దాల అతుకుల మీద బొటనవేలు పోనిచ్చేవారు.

"ఇంకెన్నాళ్ళు బాబాయ్?" అంటే, "కారే ట్యాంకు ముందు చెప్పి కారదమ్మాయ్" అన్నారు. ఆ పరీక్ష సాగుతుండగానే పోయారు.

దినం అయిన మర్నాడు పాత ట్యాంకు మూలనుంచి ధార కట్టింది. పిన్ని బెంబేలెత్తిపోయింది. "ఇయ్యి కూడా పోతే నేను తట్టుకోలేనే" అంది. చేపల్ని పాత నీళ్ళతోనే బకెట్లోకి దించాం. నేను కొత్త ట్యాంకు ఖాళీ చేసి లోపలికి తెచ్చేసరికి, పాచి పట్టాయని పిన్ని పాత ట్యాంకులోని రాళ్ళన్నీ బోరు కుళాయి కింద పెట్టబోతోంది.

"పిన్నీ, కడగమాకు!" అని అరిచాను. నీళ్ళను బాగుచేసే సూక్ష్మజీవులన్నీ ఆ రాళ్ళమీదే ఉంటాయని బాబాయి చెప్పగా విన్నాను. రాళ్ళను అలాగే పెట్టి, ఆయన డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు పోశాం. మీటరు రెండుసార్లు చూశాను. బకెట్లో ఆ నీళ్ళే కొంచెం కొంచెంగా కలిపి, అలవాటయ్యాక చేపల్ని వదిలాం. అవి గబుక్కున రాయి వెనక్కి దూరి, అక్కణ్ణుంచే మమ్మల్ని చూశాయి.

"ఆయన పెంచినయ్యి, ఊరికే నమ్ముతయ్యా?" అని పిన్ని నవ్వి, కళ్ళు తుడుచుకుంది. ఆయన అనుమానాల మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపాలన్నీ పోయి, కృతజ్ఞత ఒక్కటే మిగిలింది నాకు.

మర్నాడు లేచి చూస్తే, చేపలు రాయి దాటి బయట తిరుగుతున్నాయి. పిన్ని నేలమీద కూర్చుని ఉంది. ట్యాంకు బల్ల కింద కొత్తగా పేపర్లు పరిచి ఉన్నాయి. వాటిమీద అరచెయ్యి ఆనించింది.

"కారట్లేదుగా పిన్నీ?"

"లేదులే" అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.