షుగర్ ఆయనకు, చపాతీలు నాకు

ఆ రోజు తరిగొప్పుల బడిలో పదో తరగతికి జీర్ణవ్యవస్థ చెబుతున్నాను. బోర్డు మీద చిన్నపేగు బొమ్మ సగంలో ఉండగానే కడుపు మెలిపెట్టింది. సుద్దముక్క బల్ల మీద పడేసి బయటికి పరుగెత్తాను. ఆ పీరియడ్‌లో అది మూడోసారి. తిరిగొచ్చేసరికి పిల్లలు తలలు దించుకుని ఉన్నారు. నవ్వి ఉంటే బాగుండేది. జాలిపడ్డారు. అదే నాకు మండింది.

అప్పటికే ఏడాదిగా నోటి పుండ్లు, కడుపు ఉబ్బరం, జిడ్డుగా విరేచనాలు. తింటూనే ఉన్నాను, బరువు మాత్రం యాభై ఆరు నుంచి నలభై నాలుగుకు దిగింది. జనగామలో చూపించుకున్న డాక్టరు నా ముఖం కాదు, రిపోర్టు చూశాడు. "హిమోగ్లోబిన్ ఏడు. ఆడవాళ్లకు మామూలే అమ్మా, ఐరన్ వాడండి" అన్నాడు. ఆరు నెలలు వాడినా ఏడే. "మీరు మాత్రలు సరిగ్గా వేసుకుంటలేరు."

"ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి లెక్కపెట్టమంటరా సార్?"

నా కోపానికి కూడా ఒక మాత్ర రాశాడు, టెన్షన్‌కట.

ఇంటి సంగతీ చెప్పాలి. షుగర్ మా ఆయనకు. రాత్రి అన్నం మానేసి చపాతీ తినమన్నారు. నాకు కొంచెం అన్నం వండుకుంటానంటే "ఒక్కింట్ల రెండు వంటలేంది?" అన్నాడు. అట్లా ఏ షుగరూ లేని నేను రోజూ చపాతీలు తిన్నాను. చిక్కిపోయానని చూడ్డానికి భూపాలపల్లి నుంచి మా ఆడపడుచు వచ్చింది, సంచి నిండా బ్రెడ్డు, బిస్కెట్లతో. "తిను వదినె, కట్టెలెక్క అయినవ్. మా అన్న తిండి పెడ్తలేడనుకుంటరు" అని దగ్గర కూర్చుని తినిపించింది. బలానికని గోధుమ జావ కూడా కాచింది. ఎవరిని తిట్టాలో ఇప్పటికీ తేలలేదు. అందుకే అందరినీ తిడుతుంటాను.

సెలవు పెట్టి కురవికి, మా అమ్మ దగ్గరికి పోయాను. ఆ ఇంట్లో అన్నం, జొన్నరొట్టె తప్ప మరొకటి ఉండదు. రెండు వారాల్లో విరేచనాలు తగ్గాయి. "మా ఊరి నీళ్లు బిడ్డా!" అని అమ్మ మురిసిపోయింది. జనగామలో మా ఇంటికి తిరిగొచ్చి చపాతీ తిన్న మూడోనాడు మళ్లీ మొదలు. నీళ్లు కాదని అప్పుడు తెలిసింది. గోధుమ మానేశాను.

రెండు నెలలకు హైదరాబాద్‌లో ఒక గ్యాస్ట్రో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఏం తింటే తగ్గిందని అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. అంతా విని, "సీలియాక్ డిసీజ్ అనుకుంటున్నాను. కానీ గోధుమ మానేశారు కదా, పరీక్షలో దొరక్కపోవచ్చు. కొన్ని వారాలు మళ్లీ తినండి" అన్నది.

"దొంగను ఎల్లగొట్టిన మేడం. మళ్ల ఇంట్లకు పిలవాల్నా?"

"పట్టుకోవాలంటే పిలవాలి."

ఏడుస్తూ, తిడుతూ తిన్నాను. ఈ జబ్బును పట్టే టీటీజీ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి ముక్కలు తీసి బయాప్సీకి పంపారు. "మీ విల్లై అణిగిపోయాయి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్‌కు మీ ఒళ్లే ఎదురుతిరిగి పేగును దెబ్బ తీస్తోంది. అందుకే ఐరన్ ఒంటికి పట్టట్లేదు. మాల్అబ్సార్ప్షన్ అంటాం. ఇక జన్మలో గోధుమ ముట్టొద్దు" అన్నది. విల్లై అంటే ఆంత్రచూషకాలు, పేగు లోపల తిండిసారాన్ని పీల్చే సన్నని వేళ్లలాంటివి. ఇరవై ఏళ్లుగా నేను బోర్డు మీద గీస్తున్న బొమ్మే! అందరినీ తిట్టిన నోరు ఆ పూట నన్నే తిట్టుకుంది.

గోధుమ మానేశాక హిమోగ్లోబిన్ పదికి ఎక్కింది. మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాను. నాలుగో నెలలో మళ్లీ ఉబ్బరం, పరుగులు. తింటున్నవి జొన్నరొట్టెలే కదా! అనుమానంతో పిండి పట్టించే గిర్నీకి పోయి నిలబడ్డాను. గోధుమలు పట్టిన గిర్నీలోనే, దులపకుండా, నా జొన్నలు పోశాడు.

"గింత పిండి కలుస్తే ఏమైతది అక్కా? ఎవలన్న సచ్చిర్రా?" అన్నాడు గిర్నీ ఆయన.

"సచ్చేటిదాన్నే నీ ముంగట నిలబడ్డ. మంచిగ చూడు."

వారం తిరక్కుండా కురవి నుంచి అమ్మ తన విసుర్రాయి ఆటోలో వేసుకుని వచ్చింది. దాని మీద ఏనాడూ గోధుమ పడలేదు.

ఇప్పుడు యాభై రెండు కిలోలున్నాను. పీరియడ్ మొత్తం నిలబడే చెబుతున్నాను, చిన్నపేగు బొమ్మ పూర్తిగా గీస్తున్నాను. ఆదివారం ఆదివారం మా ఆయన విసుర్రాయి తిప్పుతాడు. ఒకరోజు మెల్లగా, "నాకొక్కనికి చపాతీ..." అని నసిగాడు. "ఒక్కింట్ల రెండు వంటలేంది?" అన్నాను. చపాతీ మాట మళ్లీ ఎత్తలేదు.

చదివే మీకు ఒక్క మాట. ఐరన్ వాడినా రక్తం పెరగకపోతే, విరేచనాలు ఆగకపోతే, గోధుమ మీద అనుమానమొస్తే, నాలాగా మీ అంతట మీరు మానేయకండి. తింటూ ఉన్నప్పుడే పరీక్ష రాయమని అడగండి. టెన్షన్ అంటారు. అననివ్వండి. చీటీ రాసేదాకా ఆ కుర్చీలోంచి మాత్రం లేవకండి.