మాస్టరుకి పెట్టిన బొట్టు

పేలిన తూటా వెనక మిగిలే ఇత్తడి గొట్టాన్ని నేను ఇంతవరకూ చేత్తో పట్టుకోలేదు. మలేషియాలో అలాంటిది ఒక్కటి ఇంట్లో దొరికినా పోలీసులు ఊరుకోరు. అయినా ఆ గొట్టాన్ని కొలతకి కోసే పనిముట్లు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టడమే నా ఉద్యోగం. ఈత రానివాడు ఈత నేర్పడం లాంటిదే.

క్లాంగులో మాది చిన్న లేత్ వర్క్‌షాపు. మొత్తం పన్నెండు మందిమి. కొలతలు చూసే మనిషిని నేను. లేత్ మీద మా చిన్నాన్న, నాన్న ఆఖరి తమ్ముడు. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో పుట్టి, పదహారేళ్ళకే లేత్ దగ్గర నిలబడ్డ మనిషి. నన్ను ఆ పనిలో పెట్టించింది కూడా ఆయనే. రిటైరయ్యే వయసు దాటినా ఏడాదికోసారి కొత్త కాగితం రాయించి టౌకే, అంటే మా యజమాని, ఆయన్ని ఉంచుకునేవాడు. నన్ను కట్టుకోకముందే లేతుని కట్టుకున్నాడమ్మా అని పిన్ని దెప్పేది. ఆయన నవ్వేవాడే గానీ కాదనేవాడు కాదు.

పరాయి దేశంలో తూటాలు సొంతంగా నింపుకునే వేటగాళ్ళ కోసం ఆ ఆర్డరు వచ్చింది. పేల్చిన ప్రతిసారీ ఇత్తడి గొట్టం మెడ కాస్త సాగుతుందట. సాగినదాన్ని కోయకుండా మళ్ళీ నింపితే తుపాకీలో బిగుసుకుపోయి, పేల్చేవాడి మొహానికే ముప్పు. మేం చేసే పనిముట్టుని గోడలకి బెజ్జాలు వేసే డ్రిల్లుకి తగిలిస్తారు. గొట్టాన్ని మొనవైపు నుంచి లోపలికి తోస్తే దాని భుజం, అంటే మెడ కింద వెడల్పయ్యే చోటు, లోపల ఒకచోట ఆనుతుంది. లోపల తిరిగే కత్తి ఎక్కువున్నంత మేరకే కోస్తుంది. ఆ కత్తి ఎక్కడ నిలబడాలన్నదే మొత్తం పని.

ఇత్తడి గొట్టాలు ఇక్కడికి రానివ్వరు కాబట్టి, కొనేవాళ్ళు అదే ఆకారంలో గట్టి ఉక్కు ముక్క ఒకటి పంపారు. దాన్ని మాస్టరు అనేవాళ్ళం. మాస్టరుని లోపలికి తోసి, కత్తిని దాని మొనకి ఆనించి, మర బిగించేయాలి. బిగించేది చిన్నాన్న. అదే మాస్టరుతో మళ్ళీ సరిచూసి సంతకం పెట్టేది నేను.

మాస్టరు వచ్చిన వారంలోనే ఆయుధపూజ. ఆ రోజు చీనా టౌకే కూడా చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడతాడు. షాపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే కనక బొట్లు పెట్టడం నా వంతు. లేతుకి, గ్రైండరుకి, డ్రిల్లుకి గంధం, మధ్యలో కుంకుమ. మాస్టరు దగ్గర ఆగాను. మొహమే లేనిదానికి నుదురెక్కడని వెతకను?

"కొత్తగా వచ్చింది, దాన్నొక్కదాన్నీ ఒదిలేత్తావేటి? మొన మీద ఎట్టు. అదే దాని తల," అన్నాడు చిన్నాన్న.

మొన మీదే పెట్టాను. మర్నాడు కొలతలకి వాడే మిగతా గేజీలన్నీ స్పిరిటుతో తుడిచాను. పూజ బొట్టు తుడవకూడదని మా ఇళ్ళలో పట్టింపు ఉంది గానీ, కొలిచేవాటికి ఆ పట్టింపు చెల్లదు. మాస్టరుని తీసేసరికి, "దానికి మొదటి బొట్టు కదా, ఉండనీ లా. అదే పోద్ది," అన్నాడు చిన్నాన్న. ఇక్కడ పుట్టినవాళ్ళ మాట చివర ఆ లా ఊరికే వచ్చి చేరుతుంది. ఊరుకున్నాను. బొట్టు ఇద్దరికీ ఎర్రగా కనిపిస్తూనే ఉంది. బొట్టుకి మందం ఉంటుందని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బొట్టంటే మాకు పుణ్యం. పుణ్యాన్ని మైక్రోమీటరుతో ఎవరు కొలుస్తారు?

నాలుగు నెలలకి ఫిర్యాదు వచ్చింది. మొదటి పెట్టెలోని పనిముట్లతో కోసిన గొట్టాలు పొడుగ్గా ఉంటున్నాయి. మొట్టమొదటిది మిల్లీమీటరులో పాయింట్ ఒన్ ఫోర్ ఎక్కువ. తర్వాతవి కొంచెం కొంచెం తగ్గుతూ, పెట్టె చివరికి వచ్చేసరికి సరిగ్గా ఉన్నాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు, అదొక్కటే అదృష్టం. మాస్టరుని తీసి చూస్తే అద్దంలా ఉంది. మేనేజరు తేల్చేశాడు. మిషను తప్పయితే అన్నీ ఒకేలా ఉండాలి. ఒక్కోటి ఒక్కోలా ఉందంటే అది మనిషి తప్పు. మనిషంటే ముసలాయన కళ్ళు.

నేనూ నమ్మాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. నమ్మడమే కాదు, ఆయన్ని చూసి జాలిపడ్డాను కూడా.

చిన్నాన్న వాదించలేదు. "కళ్ళే అయ్యుంటాయి. నలబై ఏళ్ళ పైబడి ఇనుమునే సూసినాయి. అరిగిపోవా ఏటి?" అన్నాడు. ఆ నెలాఖరుకి ఇంటికి పంపేశారు. వెళ్ళేముందు తన మైక్రోమీటరుని పెట్టెతో సహా నా చేతిలో పెట్టాడు. "నాకింక దీంతో పనేటి, నువ్వుంచుకో," అన్నాడు.

ఆ తర్వాత ఆయన నిజంగానే గుడ్డివాడిలా మసలడం మొదలుపెట్టాడు. మోటారుసైకిలు తాళాలు పిన్నికి ఇచ్చేశాడు. రోడ్డు దాటాలంటే ఆమె చెయ్యి పట్టుకునేవాడు. కంటి డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే, తెలిసినదాన్నే మళ్ళీ చెప్పించుకోవడం ఎందుకని రాలేదు.

ఒకరోజు ఫోన్ నిండిపోయి పాత ఫోటోలు తీసేస్తుంటే ఆయుధపూజ బల్ల కనబడింది. గేజీల మధ్య మాస్టరు నిలబడి ఉంది, మొన మీద ఎర్రటి బొట్టు. చూస్తూ చూస్తూ కూర్చుండిపోయాను. కత్తి ఆనింది ఉక్కుకి కాదు, ఎండిన గంధానికి. బొట్టు మందం మేర కత్తి వెనక్కి నిలబడింది. ఆనించిన ప్రతిసారీ కాస్త గంధం రాలింది, తప్పు కాస్త తగ్గింది. అంతా రాలిపోయాక కొలత కుదిరింది. ఆయన చెయ్యి మొదటినుంచీ సరిగ్గానే ఉంది. అదే బొట్టుతో సరిచూసి, అంతా బాగుందని సంతకం పెట్టినదాన్ని నేను.

మర్నాడే మేనేజరుకి చూపించాను. తప్పు నాదని మలయ్‌లో రెండుసార్లు చెప్పాను. ఆయన అరిచినా బాగుండేది. తలుపు వేసి, మెల్లిగా చెప్పాడు. తప్పు చేసినవాణ్ణి తీసేశామని కొన్నవాళ్ళకి రాసేశాం, వాళ్ళు ఫిర్యాదు మూసేశారు. ఇప్పుడు కొలతలు చూసే బల్లదే తప్పని చెబితే ఇక మన సరుకు ఏదీ నమ్మరు. ఆర్డరు పోతే మిగతా పదకొండు మందీ ఇంటికే. ఫోటో తీసేయమన్నాడు. ఫోటో తీసేయలేదు, అంతకుమించి ఏమీ చేయలేదు. ఇప్పుడు మాస్టరుని రోజుకి పదిసార్లు తుడుస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

మింగలేక కక్కలేక మూడు వారాలు గడిపి, ఒక ఆదివారం మైక్రోమీటరు పట్టుకుని చిన్నాన్న ఇంటికి వెళ్ళాను. ఫోటో చూపించి మొత్తం చెప్పాను.

"ఊరుకో లా. నా కోసం అబద్దాలాడకు," అన్నాడు.

కానీ కాసేపయ్యాక తనే లేచి, ఒక ఉక్కు పట్టీ, పూజగదిలో గంధం తెచ్చాడు. "ఆ రోజు ఎట్టినట్టే ఎట్టు," అన్నాడు. పెట్టాను. ఫ్యాను కింద ఆరేదాకా పిన్నితో సహా ముగ్గురం పట్టీ చుట్టూ కూర్చున్నాం. ఆరాక కిటికీ దగ్గరికి వెళ్ళి, అద్దాలు లేకుండానే ముందు వట్టి పట్టీని, తర్వాత బొట్టు ఉన్నచోట కొలిచి, మనసులో తీసివేత చేసుకున్నాడు.

"పాయింట్ ఒన్ త్రీ. ఇదిగో, సూడు. సరిగ్గా సదివినానా?"

చూశాను. గీత తప్పలేదు. ఫిర్యాదులో రాసిన పాయింట్ ఒన్ ఫోర్‌కి ఒకే ఒక్క గీత తక్కువ.

"సరిగ్గానే సదివినావు సిన్నాన్నా."

"అయితే నా కళ్ళకేటీ అవలేదు."

"అవలేదు."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నావైపు చూడలేదు.

"మేనేజరుకి సెప్పినావా?"

"సెప్పినాను."

"ఏటన్నాడు?"

మేనేజరు అన్నది అన్నట్టు చెప్పాను. చివరిదాకా విని తల ఊపాడు. పట్టీ మీది బొట్టుని బొటనవేలితో తనే తుడిచేశాడు. మైక్రోమీటరు దవడలు శుభ్రం చేసి, ఒక చుక్క నూనె వేసి, గుడ్డతో అద్ది పెట్టెలో పెట్టాడు. పెట్టె మూసి మళ్ళీ నావైపే జరిపాడు.

"పట్టికెళ్ళు. రేపు పనికెళ్ళాలి కదా నువ్వు," అన్నాడు.

తీసుకుని వచ్చేశాను.