వంతెన మీద ఇఫ్ పాఠాలు

టీచరుగారు పోయారు. కొవ్వూరు నుంచి ఆవిడ మరదలు రాసిన కార్డు సోమవారం పొద్దున బ్యాంకులో నా బల్ల మీదికి వచ్చింది. "మా వదినగారు గురువారం తెల్లవారుజామున కాలం చేశారండి. ఆవిడ పుస్తకంలో మొదటి అడ్రసు మీదే ఉంది, అందుకని రాస్తున్నాను" అని నాలుగే నాలుగు ముక్కలు. చదివి కార్డు బోర్లా పెట్టేశాను. ఒక్కసారి వచ్చి కనిపించమని మూడేళ్లుగా అడుగుతున్న మనిషి ఆవిడ. వస్తాను వస్తానంటూ మూడేళ్లు గడిపేసిన మనిషిని నేను. విశాఖపట్నానికి కొవ్వూరు ఏమైనా కాశీయా, రామేశ్వరమా? పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి దిగచ్చు.

ఆవిడ రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఉండేది కొవ్వూరులో, తమ్ముడిగారింట్లో. నేను ఆవిడ స్కూల్లో చదవలేదు. ఇంటర్మీడియట్ చదువుకి రోజూ రాజమండ్రి వెళ్లొచ్చే రోజుల్లో, పొద్దుటి పాసింజరులో ఆడవాళ్ల పెట్టెలో పరిచయం. అప్పటికి నేను మొదటి ఏడాది ఇంగ్లీషు తప్పి, రెండో ఏడాదిలో ఆ బరువు మోస్తూ తిరుగుతున్నాను. ఒకరోజు ఒళ్లో పుస్తకం తెరిచి ఏడుపు మొహంతో కూర్చుంటే, ఎదుటి బల్ల మీదున్న ఆవిడ వంగి చూశారు.

"ఏంటమ్మా, ఏది రావట్లేదు?"

"ఇఫ్ అండి" అన్నాను. నిజంగానే ఆ రెండక్షరాలతో మొదలయ్యే వాక్యం కనిపిస్తే నాకు చెమటలు పట్టేవి. తర్వాత వచ్చేది విల్లో, వుడ్డో, వుడ్ హావో ఎన్నడూ తేలేది కాదు. నేను రెండు వైపులా విల్ పెట్టేసి చేతులు దులుపుకునేదాన్ని.

రైలు అప్పుడే వంతెన ఎక్కింది. పెట్టెలో కూరగాయల గంపలతో వెళ్లే ఆడవాళ్లు లేచి, కిటికీల దగ్గర చేరి, నదిలోకి పైసలు వేస్తూ మొక్కుకుంటున్నారు. రోజూ ఉండే తంతే. ఒక గంపలామె కళ్లు మూసుకుని, "గోదారమ్మ తల్లీ, మావోడికి జొరం తగ్గితే నీకు చీర పెడతాను" అంది. టీచరుగారు నా వైపు తిరిగి, "ఇదిగో, దీన్ని ఇంగ్లీషులో చెప్పు" అన్నారు.

నేను అలవాటుగా రెండు వైపులా విల్ పెట్టి చెప్పాను. గంపలామె కళ్లు తెరిచి, "ఏంటండీ, నా మొక్కుని ఇంగిలీసులో పెడతన్నారా? అమ్మోరికి అర్థమవుద్దా?" అని కంగారుపడింది.

"అమ్మవారికి అన్నీ వచ్చులేమ్మా. ఈ పిల్లకే రావట్లేదు" అన్నారు టీచరుగారు. పెట్టె అంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను కానీ, మర్నాడు మళ్లీ ఆవిడ ఎదురుగానే కూర్చున్నాను.

ఇక అదే మా బడి. కొవ్వూరులో బండి కదిలి గోదావరి స్టేషను వచ్చేలోగా ఎవరో ఒకరి మొక్కు తీసుకుని ఇంగ్లీషులో పెట్టాలి. జరగడానికి వీలున్నది మొదటి రకం. జ్వరం తగ్గితే చీర పెడతాను. ఒట్టి ఊహ అయితే రెండో రకం. "నాకే రెక్కలుంటే ఈ గంప మొయ్యకుండా ఎగిరి పోదునండీ" అని ఆ గంపలామే ఒకసారి అంటే, "చూశావా, ఈవిడకి రెండో రకం పుట్టుకతో వచ్చు" అని టీచరుగారు మురిసిపోయారు. చెప్పింది ఒప్పయితే సంచీలోంచి మామిడితాండ్ర ముక్క తీసి ఇచ్చేవారు. తప్పయితే ఆ ముక్క తను తినేసేవారు, అదీ నన్ను చూస్తూ, చప్పరించుకుంటూ. ఎంత కడుపుమంటగా ఉండేదో!

మూడో రకం, అంటే జరిగిపోయినదాన్ని తలుచుకుని అలా జరక్కపోయుంటే అనుకునేది, ఆవిడ ఎక్కువ చెప్పనిచ్చేవారు కాదు. రెండు మూడు సరదా వాక్యాలు చెప్పించి ఆపేసేవారు. "పరీక్షలో వస్తుంది కాబట్టి నేర్చుకో. అలవాటు మాత్రం చేసుకోకు" అనేవారు. ఆవిడకీ పై చదువులు చదవాలని ఉండేదట, ఇంట్లో సాగనివ్వలేదట. ఆ సంగతి ఎవరో చెబితే తెలిసిందే కానీ ఆవిడ నోటి నుంచి ఒక్కనాడూ వినలేదు.

ఇంత చేసీ సెప్టెంబరులో మళ్లీ తప్పాను. మాది కొవ్వూరులో బట్టల కొట్టు. "రెండుసార్లయింది. ఇంక చాల్లే, ఇంట్లో కూర్చో" అన్నారు నాన్న. నాలుగు రోజులు రైల్లో కనపడకపోయేసరికి టీచరుగారు నేరుగా కొట్టుకే వచ్చారు. నేను అన్నం కారేజీ తెచ్చి తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. బేరం వచ్చిందనుకుని నాన్న గుమాస్తా చేత చీరలు దింపించడం మొదలెట్టారు. ఆవిడ వద్దనలేదు. ఎనిమిది చీరలు పరిచాక, "చీర కాదండీ, మీ అమ్మాయి కావాలి నాకు" అన్నారు.

నాన్నకి సంగతి అర్థమై మొహం ముడుచుకున్నారు. "మార్చిలో కూడా తప్పితే ఏం చేస్తారండీ?"

"తప్పితే సెప్టెంబరులో రాస్తుందండి."

"అప్పుడూ తప్పితే?"

"మళ్లీ మార్చి వస్తుంది కదండీ. తప్పితే అనేది మన చేతిలో లేదు. ఆ తర్వాత ఏంటన్నది మాత్రం మనం రాసుకునేదే. మీరు 'ఇంట్లో కూర్చుంటుంది' అని రాశారు. నేను 'మళ్లీ రాస్తుంది' అంటున్నాను. అంతేనండి తేడా."

నాన్న నవ్వేశారు. కొట్టుకొచ్చి ఊరికే వెళ్లకూడదని ఆవిడ ఒక జాకెట్టు ముక్క కొనుక్కుని మరీ వెళ్లారు. మర్నాడు పాసింజరులో నేనున్నాను. మార్చిలో గట్టెక్కాను. డిగ్రీ అయింది, బ్యాంకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, విశాఖపట్నం వచ్చేశాను. ఈవేళ నేను తింటున్న అన్నం ఆ ఎనిమిది చీరల మధ్య కూర్చుని ఆవిడ సంపాదించి పెట్టిందే.

ఉత్తరాలు ఇంగ్లీషులోనే రాయాలని ఆవిడ ఆజ్ఞ. నేను రాసినవన్నీ ఎర్రసిరాతో దిద్ది తిరుగుటపాలో పంపేవారు. నాకు ముప్పై దాటాక కూడా! మూడేళ్ల కిందట మోకాళ్లు పట్టేసి ఆవిడ గడప దాటడం మానేశారు. "ఒకసారి వచ్చి పో తల్లీ, నిన్ను చూడాలనుంది" అని మొదటిసారి తెలుగులో రాశారు. నేను జవాబు ఇంగ్లీషులో రాశాను. ఇఫ్ ఐ గెట్ లీవ్, ఐ విల్ కమ్. వేసవిలో రాసింది పిల్లాడి పరీక్షలైపోతే అని. ఆ తర్వాతది వానలు తగ్గితే అని. ఎంత చక్కటి వాక్యాలో! ఆవిడ నేర్పిన విద్యంతా ఆవిడ మీదే ప్రయోగించాను.

కిందటి నెల రాసిన ఉత్తరం ఎప్పట్లాగే తిరిగి వచ్చింది. ఎంత వెతికినా ఎర్రసిరా గీత ఒక్కటీ లేదు. అడుగున వంకరటింకర అక్షరాలతో, తెలుగులో, "ఒక్క తప్పూ లేదు తల్లీ. నువ్వు మాత్రం రాలేదు" అని ఉంది. చదివి వెక్కివెక్కి ఏడ్చాను. ఏడ్చి, వచ్చే నెల ఎలాగైనా వెళ్లాలనుకున్నాను.

సిగ్గు విడిచి చెప్పాలి. ఈ మూడేళ్లలో నేను ఆవిడ కోసం ఒక్కసారి కూడా సెలవు అడగలేదు. దొరికితే దొరికితే అని రాశానే తప్ప, అడిగి చూడలేదు.

సోమవారం అడిగాను. కార్డు వచ్చిన గంటకి మూడు రోజుల సెలవుకి కాగితం రాసి ఆఫీసరుగారి ముందు పెట్టాను. ఆయన కారణం కూడా చదవలేదు. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూనే సంతకం చేసి కాగితం నా వైపు జరిపారు. అరనిమిషం పట్టిందేమో. సిరా ఇంకా ఆరలేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయన ఫోను పెట్టేసి తలెత్తారు.

"ఇచ్చేశాను కదమ్మా, ఇంకేం కావాలి?"