ములాఖత్ ముందు రోజు

ఇది ఇన్నేళ్లూ రాయలేకపోయాను. అప్పట్లో నాకు అక్షరాలు రావు. ఎవరితోనైనా రాయిద్దామంటే, చెప్పిన మాట సాయంత్రానికల్లా క్వార్టర్ల లైనంతా తిరిగేది. అరవై దాటాక చదువు నేర్చుకున్నాను, ఇప్పుడు నేనే రాస్తున్నాను.

బొగ్గుబాయిలో పనిచేసే మా ఆయన పోయాక, ఆ ఉద్యోగం కొడుక్కా, అల్లుడికా అని ఇంట్లో గొడవైంది. తలలు పగిలాయి. ఆ కేసులో నేనూ జైలుకు పోయాను.

మొదటి షిఫ్టు మనిషికి ఏళ్ల తరబడి సద్ది కట్టినదాన్ని. జైల్లోనూ చీకటితోనే మెలకువ వచ్చేది. లేచి పక్క చుట్టేదాన్ని, చెంబు చప్పుడు చేసేదాన్ని.

"ఏందవ్వా, ఈడ గూడ డ్యూటీకి పోతున్నవా?" అని పక్కన పడుకునే మందమర్రి పిల్ల ఎక్కిరించేది. పాపం, ఆమెకు కన్ను మూతపడేదే ఆ వేళకు.

ఒకరోజు నిద్రమత్తులో, పోయిన మా ఆయన్ను లేపినట్టే ఆమె భుజం పట్టి కుదిపాను. "లెవ్వు, బాయికి యాళ్లయింది" అన్నాను. ఆమె చెంబు అందుకుని నా నుదుటి మీద కొట్టింది. రక్తం చూసి వార్డరమ్మలు పరుగెత్తుకొచ్చారు. ఆమెను ఒంటరి గదిలో వేసి తాళం పెట్టారు.

మూడోనాడు నీళ్లకు పోతుంటే ఆ గది తలుపు వెనక నుంచి ఏడుపు వినిపించింది.

"అవ్వా, రేపు నా బిడ్డ ములాఖత్‌కు వస్తది. నేనీడుంటే సూడనియ్యరట."

నుదుటి కట్టుతోనే జైలరమ్మ దగ్గరికి పోయాను.

"తప్పు నాదే మేడం. నిద్రల లేపిన. ఆమెను ఇడిసిపెట్టుండ్రి."

"మళ్ల కొడితే?"

"నా పక్కకే పండబెట్టుండ్రి. కొడితే నన్నే కొడ్తది గదా."

జైలరమ్మ నవ్వలేదు. కానీ పొద్దుగూకే వేళకు తాళం తీయించింది.

వచ్చిన పిల్ల వెలుతురు చూడలేక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా కట్టును వేలితో తాకింది.

"నొస్తున్నదా?"

"నీ చేతిల అంత జోరెక్కడిదే!"

అప్పుడు నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఆమెను ఎండలో కూర్చోబెట్టుకున్నాను. జుట్టంతా అట్టకట్టిపోయింది. నూనె రాసి, చిక్కులు తీసి, బిడ్డ గుర్తుపట్టేటట్టు ఒక్క జడ వేశాను.